అహరోను చోటు

మా ఆయన అహరోను నాతో అబద్ధమాడితే నిమిషంలో కనిపెట్టేస్తాను. ఊరితో ఆడినప్పుడు మాత్రం నోరు మూసుకుని ఏడాదిపాటు కూర్చున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

మాది మండవల్లి వైపు కొల్లేటి లంక. కొర్రమీను పట్టడంలో అహరోను తర్వాతే ఎవరైనా అని మా ఊళ్లో అంటారు. ఆ పేరంతా ఒక చోటు వల్ల వచ్చింది. నీళ్లలో ఎత్తుగా పెరిగే కిక్కిస గడ్డి పొదల వెనక, బయటికి కనిపించని చిన్న మడుగు అది. పెళ్లయిన కొత్తలో నన్ను దోనెలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లి చూపించారు. "ప్రాణం పోయినా ఎవరితోనూ అనకే సువార్తా" అన్నారు. మెడలో పూస బంగారం వెయ్యకపోయినా, ఆ చోటు చూపించినందుకే మురిసిపోయాను. నలభై ఏళ్లు మా పొయ్యి దాని మీదే వెలిగింది.

నిరుడు తొలకరికి ముందు ఏలూరు నుంచి చేపల ఆఫీసు క్యాథరిన్ మేడమ్ వచ్చి మా జాలర్ల సొసైటీ వాళ్లను కూర్చోబెట్టారు. సముద్రంలో కొన్ని చోట్ల వేట పూర్తిగా మానేసి చేపలకు వదిలేస్తున్నారనీ, అక్కడ పెరిగినవి బయటికి వచ్చి చుట్టుపక్కల వలలు నింపుతున్నాయనీ చెప్పారు.

"ఇక్కడా ఒక ముక్క వదిలి చూడండి. అందులో వల వెయ్యకూడదు, దోనె కూడా వెళ్లకూడదు. ఏడాది తర్వాత నేనొచ్చి చూస్తాను. లాభం లేకపోతే తీసేద్దాం" అన్నారు.

ఏటికేడాదీ చేప తగ్గిపోతోందని అందరికీ దిగులే కాబట్టి సరేనన్నారు. ఏ ముక్క వదలాలన్నదే ప్రశ్న. సొసైటీ ప్రెసిడెంటు ఎలీయాజరు మా ఆయన్ను బావా అంటాడు. అతనే లేచాడు.

"చేప గుడ్లు పెట్టే చోటు మా బావకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసండీ? జెండాలు ఆయన్నే పాతమనండి. ఎక్కడ పాతితే అక్కడ మేమెవరం అడుగు పెట్టం."

అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం మా ఆయన మొహం వైపు చూశాను.

మర్నాడు మా ఆయన వెళ్లి ఎర్ర జెండాలు కట్టిన గెడలు పాతి వచ్చారు. ఎక్కడనుకున్నారు? మా రేవు ముందు, ఊళ్లో దోనెలన్నీ పొద్దస్తమానం తిరిగే దారిలో. చేప కాదు కదా, కప్ప కూడా నిలవని బురద అది.

"ఏవండీ, సిగ్గుగా లేదూ?" అన్నాను అన్నం వడ్డిస్తూ.

"ఆ మడుగు ఇచ్చేస్తే రేపట్నించి నువ్వు బుట్టలో ఏం పెట్టుకుని అమ్ముతావే?"

"ఏడాది తర్వాత చూసినప్పుడు మీ మొహం ఎక్కడ పెట్టుకుంటారు?"

"అప్పటి సంగతి అప్పుడు చూద్దాంలే" అని కంచంలో చెయ్యి కడిగేసుకున్నారు.

బుట్ట మాట గుర్తొచ్చి నేనూ కంచం తీసేశాను. అదీ నా నిజాయితీ.

ఊరు మాత్రం మాట తప్పలేదు. రేవుకి రావాలంటే ప్రతి దోనే జెండాల చుట్టూ అరగంట తిరిగి రావాల్సి వచ్చేది. ఎలీయాజరు గెడ వేసీ వేసీ చేతులు లాగేస్తున్నాయని మూలిగేవాడు గానీ, జెండా దాటేవాడు కాదు. "బావ చూసి పెట్టిన చోటు చెల్లెమ్మా, ఊరికే పోతుందా!" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా మొహం పక్కకి తిప్పుకునేదాన్ని.

పోనీ దాచుకున్న మడుగైనా ఏమైనా ఇచ్చిందా? ఒకప్పుడు బుట్టెడు పడిన చోట రెండో మూడో పడేవి. నీటికాకులు తినేస్తున్నాయని మా ఆయన వాటిని తిట్టేవారు. ఒకసారి అక్కడ నీళ్ల మీద బీడీ ముక్క తేలుతుంటే చూపించాను. మా ఆయన బీడీ తాగరు. "గాలికి కొట్టుకొచ్చి ఉంటుంది" అన్నారు. నేనూ సరేననుకున్నాను.

ఏడాది తిరిగి వానలు పడ్డాయి. మేడమ్ శనివారం వస్తున్నారని కబురొచ్చింది. అంతకుముందు ఆదివారం గుడిలో పాపపు ఒప్పుకోలు ప్రార్థన దగ్గర అందరి గొంతులూ వినిపించాయి, ఈయనది తప్ప. శనివారం పొద్దున చద్దన్నం ముట్టలేదు.

దోనె ఎక్కుతూ, "చెప్పేస్తానే" అన్నారు మెల్లగా.

"చెప్పెయ్యండి. నేను పక్కనే ఉంటాను" అన్నాను.

ఆయన నోరు తెరిచేలోపే ముందు దోనెలోంచి మేడమ్ కేక వేశారు. ఏడాదిగా దూరంగా తిరిగిపోవడమే గానీ ఎవరం లోపలికి తొంగి చూడలేదు; ఇప్పుడు వెళ్లి చూద్దుము కదా, జెండాల మధ్య బురద లేదు. నాచూ కలువలూ దట్టంగా పెరిగి ఉన్నాయి. వాటి సందున నీటి మీద కారం చల్లినట్టు ఎర్రగా ఏదో కదులుతోంది. కొర్రమీను పిల్లలు, వేలకు వేలు! కింద తల్లి నల్లటి వీపుతో కాపలా కాస్తోంది. నాలుగు బారల అవతల ఇంకో గుంపు, దాని వెనక ఇంకొకటి.

"బావా, ఎలా కనిపెట్టావు బావా!" అని ఎలీయాజరు అరిచాడు. మా ఆయన దోనె అంచు మీదికి వంగి నీళ్లలోకే చూస్తున్నారు.

"ఏడాదిపాటు ఎవరూ కదిలించలేదు కదండీ, వాటికి అదే చాలు" అన్నారు మేడమ్. "ఇలాంటిది ఇంకొకటి వదలగలరా?"

"మా బావ ఎక్కడంటే అక్కడ!"

మళ్లీ ఒక్క అబద్ధం ఆడితే చాలు, పేరుకి పేరూ దక్కుతుంది, మడుగుకి మడుగూ మిగులుతుంది. మా ఆయన నా వైపు చూశారు. ఎందుకు దాచాలి, ఆడేస్తే బాగుండునని నా మనసులో సగం అనుకుంది. ఆయన గెడ వేసి దోనె తిప్పారు. మిగతా మూడు దోనెలూ వెనక వచ్చాయి.

కిక్కిస పొదలు దగ్గరపడే కొద్దీ వెనక మాటలు ఆగిపోయాయి. "ఇటెందుకు బావా? ఇటేం ఉండదు" అన్నాడు ఎలీయాజరు, ఎందుకో కంగారుగా.

"ఉంది" అన్నారు మా ఆయన మడుగు మధ్య దోనె ఆపి. "నలభై ఏళ్లుగా దాచుకున్నాను. అక్కడ పాతినప్పుడు మీకు అబద్ధం చెప్పాను. చేప గుడ్లు పెట్టే చోటు ఇది."

ఇక తిట్లు మొదలవుతాయని తల వంచుకున్నాను. ఎవరూ తిట్టలేదు. ఎలీయాజరు నడుంలోతు నీళ్లలోకి దిగి, పొదలో చెయ్యి పెట్టి ఒక మావును బయటికి లాగాడు. మావంటే చేప పడే వెదురు బోను. అది మాది కాదు.

"మా నాన్న చూపించాడు బావా" అన్నాడు తల వంచుకుని. "ప్రాణం పోయినా ఎవరితోనూ చెప్పొద్దన్నాడు."

రెండో దోనెలోంచి ఇంకొకాయన దిగి ఇంకో మావు తీశాడు. ఆ తర్వాత ఇంకొకరు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా మొత్తం ఏడు మావులు తీశారు. మాది ఎనిమిదోది.

నాకు నవ్వు ఆగలేదు. "నీటికాకులన్నారు కదండీ!" అన్నాను. మా ఆయన నా వంక గుర్రుగా చూసి, తర్వాత ఆయనా నవ్వేశారు. దాంతో మడుగంతా నవ్వులే. ఏమైందో తెలియక మేడమ్ మా అందరినీ వింతగా చూశారు.

మేడమ్ తెచ్చిన కొత్త జెండా గెడను ఎలీయాజరు పట్టుకుంటే మా ఆయన దిగ్గొట్టారు. ఆ చోటు పోయిందని నాకు బాధ కలగాలి, కానీ ఒళ్లంతా తేలికైపోయింది.

"రేపట్నించి ఎక్కడ పడతారండీ?" అన్నాను తిరిగి వస్తూ.

"అందరితో పాటే" అన్నారు.

ఇంటికి రాగానే కాళ్లు కూడా కడుక్కోకుండా పొద్దుటి చద్దన్నం పెట్టించుకుని, రెండోసారి కూడా అడిగి తిన్నారు.