ఉంగరపు వేలి జీర

మా ఇంట్లో దేవుళ్లు ఇద్దరు. తూర్పు గోడకు వెంకన్న, ఎదురు గోడకు నగరి రాజారత్నం. వెంకన్నకు శనివారం మాత్రమే దండ పడుతుంది, రాజారత్నానికి రోజూ పడుతుంది. బతికున్న మనిషి పటానికి దండేమిట్రా, అపశకునం అని మా అత్త పోయేదాకా తిడుతూనే ఉండింది. మా ఆయన మునికృష్ణ వింటేగా! కాపురానికి వచ్చిన కొత్తలో, "గిటారు పట్టుకోనుండే ఈ బక్కాయన మీ మేనమామా?" అని అడిగిన పాపానికి మూడు రోజులు నాతో పలకలేదు. నాలుగో రోజు ఒక క్యాసెట్టు పెట్టి, నోరు మూసుకుని వినమన్నాడు. అప్పటినుంచీ వింటూనే ఉన్నాను. నోరు మూసుకోవడం మాత్రం నా వల్ల కాలేదు.

రాజారత్నం ఈ కాలం పిల్లలకు తెలియడు. నగరిలో నేతగాళ్ల ఇంట పుట్టి, మగ్గం దగ్గర పాడుకునే పాటలకు కరెంటు గిటారు, పలక డప్పులు కలిపి ఒకప్పుడు చిత్తూరు జిల్లాను ఊపినవాడు. ఆయన జట్టు పేరు కూడా 'మగ్గం'. సినిమాల్లో పాడమని అడిగితే కాదన్నాడని అభిమానులు చెప్పుకుంటారు. ఎవరూ అడిగి ఉండరని నా అనుమానం.

ఆయన పాటల్లో వీళ్లు ప్రాణం పెట్టుకున్నది ఒకటుంది. "నేసిన చీర ఊరిదాయె, చినిగిన పంచె నాదాయె" అని సాగుతుంది. ఆ 'నాదాయె' దగ్గర గిటారు తీగ జిర్రుమంటుంది, తుమ్మెద సీసాలో పడినట్టు. వెంటనే రాజారత్నం గొంతు చించుకుని ఒక కేక వేస్తాడు. ఆ జిర్రుకు అభిమానులు పెట్టిన పేరు 'జీర'. ఆ జీర విన్నప్పుడల్లా మా ఆయన కళ్లు తుడుచుకుంటాడు. మా నాయన పోయినప్పుడు ఆ కళ్లలో చుక్క నీళ్లు చూసి ఉంటే ఒట్టు.

మా ఆయనది కట్టు వైద్యం. పుత్తూరు కట్టంటే ఎక్కడెక్కడి నుంచో వస్తారు. పేరున్నవాళ్ల వాకిళ్లకు కార్లు పోతాయి, మా సందులోకి ఆటోలు వస్తాయి. పసరాకు నూరి, గుడ్డు తెల్లసొన పట్టించి, వెదురు బద్దలు పెట్టి గుడ్డతో కడతాడు. కట్టే ముందు ఎముక లాగి కూర్చోబెట్టాలి. అప్పుడు రోగిని మాటల్లో పెట్టడం మా ఇంటి పద్ధతి. మా మామ "మీ ఊర్లో వానలెట్లుండాయప్పా?" అని అడిగేవాడట. రైతు వానను తిట్టడం మొదలుపెట్టగానే లాగేసేవాడు. మా ఆయన మాత్రం, "రాజారత్నం పాటల్లో నీకేది ఇష్టం?" అని అడుగుతాడు. రాజారత్నం ఎవరబ్బా అని రోగి నోరు తెరుచుకుని ఆలోచించేలోగా ఎముక కూర్చుంటుంది. ఆ రాజారత్నం వల్ల ఈ లోకానికి జరిగిన మేలు అదొక్కటే అని నేననేదాన్ని.

ఈయనకు తోడు ఢిల్లీబాబు. తిరుమల ఘాట్ బస్సు నడుపుతాడు, రాజారత్నం అభిమాన సంఘానికి అధ్యక్షుడు. సెలవు దొరికితే చాలు, తిరుపతి నుంచి వచ్చి మా అరుగు మీద కూర్చుని జీర గురించి పంచాయితీ పెడతాడు.

"అది రహస్యం మామా. తీగకి మైనం పూస్తాడంట" అంటాడు ఢిల్లీబాబు.

"మైనం లేదు, గియినం లేదు. నేతగాని కడుపుకోతబ్బా అది. గుండెకాయలోనించి వేలులోకి దిగతాది" అంటాడు మా ఆయన.

"నా చెవుల్లోకి గూడా దిగతాండాది. రవంత సౌండు తగ్గించండి" అంటాను నేను. ఇన్నేళ్లలో ఒక్కసారి తగ్గిస్తే కదా!

పోయిన సంవత్సరం రాజారత్నం చాలాకాలానికి తిరుపతిలో కచేరీ ఒప్పుకున్నాడు. ఇక చూడాలి ఢిల్లీబాబు ఊపు! "రాజకీయాలోళ్లకేనా గజమాల? మా అన్నకి వద్దా?" అని క్రేను మాట్లాడాడు. ఆపిల్ కాయల మాల, నలుగురు మోస్తేగాని లేవదు. కచేరీ రోజు ఉదయం రాజారత్నాన్ని టాపు లేని జీపులో నిలబెట్టి ఊరేగించి, క్రేనుతో ఆ మాలను పైనుంచి దించారు. డెబ్బై దాటిన మనిషి పాపం, మర్యాదగా ఎడమ చెయ్యి ఎత్తి అందుకోబోయాడు. మాల బరువుకు చెయ్యి పోయి జీపు కమ్మీకి కొట్టుకుంది. ఉంగరపు వేలు విరిగింది. బతికున్నవాడికి దండ అపశకునమని మా అత్త ఊరికే అందా!

కచేరీ రద్దయింది. ఆసుపత్రిలో ఆపరేషన్ చెయ్యాలన్నారు. నగరి మనిషి కదా, "కత్తెందుకు, నన్ను పుత్తూరుకు తీసకపోండి" అన్నాడట. తప్పు చేసి కుమిలిపోతున్న ఢిల్లీబాబు ఇంకెక్కడికి తీసుకొస్తాడు? మా ఇంటికే తెచ్చాడు.

మా ఆయన పసరాకు నూరుతున్నవాడు లేచి నిలబడ్డాడు. గోడ మీది పటాన్ని చూశాడు, గుమ్మంలో మనిషిని చూశాడు. "అన్నా" అనబోయి అక్కడే ఆగిపోయాడు. చేతిలో రోకలిబండ కూడా దించలేదు, చూసేవాళ్లు కొట్టడానికి లేచాడనుకుంటారు. నేనే కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చాను. రాజారత్నం మజ్జిగ తాగుతూ గోడకేసి చూశాడు. దండ వేసిన తన పటం కనిపించింది.

"ఏంది తల్లీ, నేనెప్పుడు పోతిని?" అన్నాడు.

నాకు నవ్వు ఆగలేదు. ఇన్నేళ్లలో ఆ మనిషి నన్ను మెప్పించింది ఆ ఒక్క మాటతోనే.

మా ఆయన తేరుకుని వేలు పట్టి చూశాడు. పట్టుకుంటే ఆయన వేరే మనిషి, వేళ్లు వణకవు. "అన్నా, ఇది ముందే ఒకతూరి ఇరిగిన వేలు గదా? వంకరగా అతుక్కోనుండాది. ఇప్పుడు సరిగ్గా ఆ వంకర దగ్గిరే ఇరిగింది" అన్నాడు.

"అవునప్పా. పిల్లప్పుడు మరమగ్గం కొరికింది. మా నాయన పేలిక చుట్టి మళ్లా పనిలోకి తోలినాడు. అప్పుట్నించి తీగ మీద సరిగ్గా ఒత్తలేను, ఒత్తితే సూదులు దిగినట్టు ఉంటాది. ఆ పంచె పాటలో ఒక తావున ఈ వేలే పడాల. ఒత్తు చాలక తీగ జిర్రుమంటాది. పాడు సద్దు! ఎంత సాధన చేసినా పోలేదు. జీవితమంతా ఆ సద్దుకు సిగ్గుపడతానే ఉండా" అన్నాడు రాజారత్నం.

ఢిల్లీబాబు ముఖంలో నెత్తురు చుక్క లేదు. మా ఆయన నా వైపు చూసి, మళ్లీ వేలు వైపు చూశాడు.

"ఎట్టాగూ మళ్లీ ఇరిగింది గదా తంబీ, ఈతూరన్నా చక్కగా చేస్తావా? చచ్చేలోపల ఆ పాటను ఒక్కసారి శుద్ధంగా వాయించి చూడాలనుండాది" అన్నాడు పెద్దాయన. అడగడం కూడా బతిమాలినట్టే అడిగాడు.

తెల్లసొన గిలక్కొట్టే నెపం మీద మా ఆయన వంటింట్లోకి వచ్చాడు. ఆయన వెనకే ఢిల్లీబాబు వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"మామా, నీకు దండం పెడతా. వేలును పాతమాదిరే కట్టు. వంకర వంకరగానే అతుక్కుంటాది. మళ్లీ అట్లే కుదిరింది, నీ కర్మ అంటే ఆయనేమన్నా అడిగేదుండాదా? జీర పోతే ఇంగ రాజారత్నం యాడుంటాడు మామా?"

మా ఆయన 'ఛీ, పో' అంటాడనుకున్నాను. అనలేదు. గిన్నెలో తెల్లసొన గిలకొడుతూనే ఉన్నాడు. అది నురగ కట్టి పొంగినా ఆపలేదు. నాకు భయం వేసింది. ఈ మనిషి ఎన్ని వేషాలు వేసినా కట్టు దగ్గర మోసం చేసింది నేను ఎరగను. ఇప్పుడు చేస్తాడేమో.

"ఏమయ్యా, పాట కావాల్సింది నీకు. వేలు కావాల్సింది ఆయనకి. వచ్చినోడు ఏమడిగినాడో అది కట్టు" అన్నాను.

"నీకేం తెలుసే వసంతా. నీకు ఆ పాట ఎప్పుడూ పట్టలేదు."

"పట్టలేదు. అందుకే నాకు న్యాయం కనిపిస్తాండాది. మీ ఇద్దురికీ చెవులు తప్ప ఇంకేం లేవు."

ఆయన గిన్నె కింద పెట్టాడు. కొళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు, చాలాసేపు కడుక్కున్నాడు. తర్వాత పోయి పెద్దాయన ముందు పీట వేసుకుని కూర్చుని వేలు పట్టుకున్నాడు. రోగిని మాటల్లో పెట్టాలి కదా, అలవాటు కొద్దీ నోరు తెరిచి, "రాజారత్నం పాటల్లో..." అని నాలుక్కరుచుకున్నాడు.

"అన్నా, ఆ పంచె పాట ఒకతూరి పాడన్నా" అన్నాడు.

రాజారత్నం కళ్లు మూసుకుని అందుకున్నాడు. గిటారు లేదు, పలకలు లేవు. పసరు వాసన కొట్టే మా ఇంట్లో ముసలి గొంతు ఒక్కటే. ఢిల్లీబాబు గోడకు తిరిగి నిలబడ్డాడు. "నేసిన చీర ఊరిదాయె... చినిగిన పంచె నాదాయె..."

మా ఆయన అక్కడ లాగాడు.

పెద్దాయన కేక వేశాడు. క్యాసెట్టులో ఉన్న కేకే. పొడుగు అదే, ఎత్తు అదే, చివర్లో విరుపు కూడా అదే. రోజూ పొద్దున పసరాకు నూరుకుంటూ మేం విన్నది ఇదే. మా ఆయన ముఖం చూశాను. ఆయనకూ అర్థమైపోయింది.

"అబ్బా!" అని ఊపిరి వదిలి పెద్దాయన నవ్వాడు. "ఎన్నేండ్లుగానో ఆ తావున అరస్తానే ఉండా తంబీ. నేను నొప్పికి అరిస్తే జనం చప్పట్లు కొట్టేది. సరే, బాగుందేమోలే అని ఊరుకుంటిని."

మా ఆయన తల ఎత్తకుండా బద్దలు పెట్టి కట్టు కట్టాడు. అంత పొందికైన కట్టు ఆయన చేతుల మీద నేను అంతకుముందు చూడలేదు.

కట్లు మార్చి మార్చి చివరిది విప్పేసరికి వేలు ములక్కాయలా చక్కగా ఉంది. రాజారత్నం దాన్ని ముడిచి, చాచి, చిన్నపిల్లవాడిలా అందరికీ చూపించాడు. మా ఆయన ఆ పెద్దాయన చేతులు రెండూ కళ్లకు అద్దుకున్నాడు. ఢిల్లీబాబు మాత్రం మా అరుగెక్కడం మానేశాడు.

ఈ ఏడు ఆగిపోయిన కచేరీ మళ్లీ పెట్టారు. నేనూ పోయాను, నాకదే మొదటిసారి. హాలు నిండా తెల్లజుట్లే. పంచె పాట మొదలుకాగానే అందరూ ముందుకు వంగారు. నేను కూడా వంగాను, ఎందుకో తెలియదు. 'నాదాయె' వచ్చింది. తీగ ఖంగుమని మోగింది, తోమిన గిన్నెలా శుభ్రంగా. జీర లేదు. కేక లేదు. రాజారత్నం కళ్లు తెరిచి నవ్వుతున్నాడు. ఆ ముఖంలో అంత సంతోషం! హాలంతా పెళ్లికి పిలిచి భోజనం పెట్టనట్టు కూర్చుంది. పాడు సద్దు, నాకెందుకు దాని మీద బెంగ?

"ఎవుడో ఆయప్ప వేలును నాశనం చేసినాడబ్బా. వాని చేతులు పడిపోను" అన్నాడు మా వెనక కూర్చున్నాయన. మా ఆయన చేతులు రెండూ ఒళ్లో దాచుకున్నాడు.

సరిగ్గా అప్పుడే రాజారత్నం మైకు అందుకున్నాడు. "నా వేలును చక్కంగా చేసిన మహానుభావుడు ఈడనే ఉన్నాడు. పుత్తూరు మునికృష్ణ. రాప్పా, పైకి రా!"

హాలంతా వెనక్కి తిరిగి చూసింది. అబ్బబ్బ, ఏం చూపులవి! మా ఆయన ఆ చూపుల మధ్య నుంచి నడిచి వేదిక ఎక్కాడు. పెద్దాయన శాలువ కప్పి, గట్టిగా వాటేసుకున్నాడు. "ఇంగ నా పాత పాటలన్నీ మళ్లీ రికార్డు చేస్తాండా. ఆ పాడు సద్దు లేకుండా, శుద్ధంగా. మొదటి కాపీ ఈయప్పకే!" అని ప్రకటించి, రెండు మాటలు చెప్పమని మైకు చేతికిచ్చాడు.

మా ఆయన మైకు వైపు చూశాడు, జనం వైపు చూశాడు. ముందు వరుసలో ఢిల్లీబాబు తల దించుకుని ఉన్నాడు.

"అన్నా, ఇప్పుడు నొప్పి లేదు గదా?" అని అడిగాడు.

"రవంత గూడా లేదు నాయనా."

"అయితే చాలన్నా" అని మైకు ఇచ్చేసి దిగివచ్చాడు. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. నేనే కొట్టాను, అరచేతులు మండేదాకా.

మర్నాడు పొద్దున పసరాకు నూరుతున్నాం. ఇంట్లో పాట లేదు. ఇన్నేళ్లూ నేను కోరుకున్న నిశ్శబ్దం ఇదే. తీరా వచ్చాక కరిచినట్టుంది.

"పాత పాట పెట్టుకోరాదా? అవి యాడికీ పోలేదు గదా" అన్నాను.

"పెట్టలేనే. ఆడికొస్తే ఇప్పుడు పాట ఇనపడదు. ఆయన నొప్పే ఇనపడతాది" అన్నాడు. మళ్లీ నూరడం మొదలుపెట్టాడు.

నాకేం తోచిందో, "చినిగిన పంచె నాదాయె" అని ఎత్తుకుని, ఆ చోట నాలుకతో జిర్రుమనిపించాను.

మా ఆయన రోకలిబండ ఆపాడు. "అంత పొడుగుండదే జీర. రవంత ముందే ఆపల్ల" అన్నాడు.

"నా ఇష్టం. నాకేం నొప్పి లేదులే" అన్నాను.

ఆయన నవ్వలేదు. నన్ను కాసేపు చూసి, కళ్లు తుడుచుకుని, "ఇంగోతూరి పాడే" అన్నాడు.

పాడాను.