బోర్లించిన చీటీలు

ఆ ఇంట్లో అత్తాకోడళ్లు పోట్లాడుకుంటే అది బంగారు నాణేల గురించే. ఉప్పు దగ్గర, కారం దగ్గర వాళ్లకి ఏనాడూ మాట తేడా రాలేదు. పాత నాణెం ఎంత అరిగిందో, ఎంత మిగిలిందో చూసి డెబ్బైకి ఇన్ని అని మార్కులు వేయడం ఇద్దరి వృత్తి. ముందుగదిలో బల్లకి అటు అత్తగారు, ఇటు కోడలు, మధ్యలో ఒకటే దీపం. ఒకరి తర్వాత ఒకరు భూతద్దంతో చూసి, ఎవరి అంకె వాళ్లు చీటీ మీద రాసి బోర్లిస్తారు. తర్వాత రెండూ తిప్పుతారు. కలిస్తే సరే. కలవకపోతే ఆ గోల వీధి చివరికి వినపడేది.

నెలగా ఆ గోల లేదు.

ఎందుకు లేదో కోడలికి తెలుసు. అత్తగారు నాణేన్ని దీపానికి మరీ దగ్గరగా పెడుతున్నారు. ఒకరోజు అంచు మీద నొక్కు ఉన్న నాణేనికి ఏ వంకా లేనట్టు మార్కులు వేసేశారు. అంకెలు కలవకపోతే ఆవిడ చూపు తగ్గిన సంగతి బయటపడుతుంది. బయటపడిన రోజున ఆవిడ ఆ కుర్చీ వదిలేస్తారు. ఆ కుర్చీ లేని అత్తగారు ఎలా ఉంటారో కోడలు ఊహించుకోలేకపోయింది. అందుకని కలం కదలిక గమనించడం మొదలుపెట్టింది. ఆవిడ ఆరు ఎలా వంపు తిరుగుతుందో, నాలుగు ఎక్కడ ఆగుతుందో ఇన్నేళ్ల సావాసంలో ఎదురుగా కూర్చునే పోల్చుకోగలదు. అదే అంకె తనూ రాసేసేది. రాసిన ప్రతిసారీ నోట్లో చేదుగా ఉండేది.

ఆ రోజు బల్ల మీదకి వచ్చింది ఒక దర్జీ ఆవిడ నాణెం. వాళ్లమ్మదట. “గుడ్డ కూడా తగలనివ్వలేదండీ,” అని ఒకటికి రెండుసార్లు చెప్పి వెళ్లింది. అందరూ చెప్పేది అదే. తుడిస్తే గీతలు పడి నాణెం పాడవుతుంది, అలాంటిదానికి అంకె ఉండదు. ‘తుడిచారు’ అని రాసి తిరిగి ఇచ్చేయడమే.

అత్తగారు చూడటం అయింది. చీటీకి ఎడమ అరచెయ్యి అడ్డం పెట్టుకుని కలం కదిపి బోర్లించారు. అంకె ఏదో కోడలికి అందలేదు.

తన వంతుకి నాణెం అంచులు పట్టుకుని దీపం కింద మెల్లగా వంచింది. నాణెం మీది రాజు గారి బొమ్మకి చెంప మీద వెంట్రుకల్లాంటి గీతలు. అత్తగారికి ఇవి కనపడి ఉండవు. అరవై మూడు వేసుంటారు. తనూ అరవై మూడు రాస్తే ఈ పూటకి గండం గడుస్తుంది. కలం ఆరు వేసి ఆగింది. ఇంకొకరి అమ్మ నాణెం ఇది. ఆరు కొట్టేసి ‘తుడిచారు’ అని రాసింది.

తిప్పారు. అత్తగారి చీటీ తెల్లగా ఉంది.

“ఇదేంటత్తయ్యా, ఏం రాయలేదు?”

“ఏం రాయను? నాకు పసుప్పచ్చటి బిళ్ళ ఒకటి కనపడింది. బిళ్ళకి మార్కులేస్తామా?” ఆవిడ కళ్లజోడు తీసి మడిచారు. “నెల నుంచీ ఒక్కసారన్నా నాతో పోట్లాడావటే? నా కళ్లు బాగుపడ్డాయా, నీ కళ్లు చెడ్డాయా అనుకున్నాను. చెయ్యి అడ్డం పెడితేగానీ తేలలేదు.”

కోడలు తల వంచుకుంది. “మరి ఈ నెల నాణేలన్నీ తప్పుడు అంకెలతో వెళ్లిపోయాయి కదా...”

“అంకె ఖాయమని నేను ముద్ర వేస్తేగా వెళ్లడానికి! ఇనప్పెట్టెలోనే ఉన్నాయి. రేపట్నుంచి మళ్లీ చూసుకో. ఇక నాకు ఇక్కడ పనేముంది?” అంటూ కుర్చీ వెనక్కి జరిపారు. సగం లేచి ఆగారు. “తుడిచారని రాశావుగా, గీతలు ఎక్కడున్నాయి?”

“చెంప మీద.”

“చుట్టూ ఖాళీ జాగాలో?”

కోడలు మళ్లీ చూసింది. “లేవు.”

“అన్నీ ఒకే వైపుకా?”

“ఆ, ఒకే వైపుకి.”

“అయితే గుడ్డ కాదే, పిచ్చిమొహమా! గుడ్డ పెట్టి రుద్దితే చుట్టూ గీతలు పడవూ? నాణేలు దాచుకునే పాత ఆల్బంలో ప్లాస్టిక్ పట్టీ లాగినప్పుడల్లా ఎత్తుగా ఉన్నచోట గీసుకుంది. ఆవిడ నిజమే చెప్పింది.” అత్తగారు తెలియకుండానే మళ్లీ కూర్చున్నారు. “ఎంతేస్తావ్?”

“అరవై ఒకటి.”

“నాణెం వంచితే మెరుపు ఎలా తిరుగుతోంది?”

“గుండ్రంగా. ఎక్కడా తెగట్లేదు.”

“అలా తిరిగేదానికి అరవై ఒకటా? పిసినారీ!”

“గీతలు లోతుగా ఉన్నాయత్తయ్యా. మీకు కనపడవు కాబట్టి...” కోడలు నాలిక కరుచుకుంది.

అత్తగారు పకపకా నవ్వారు. “కనపడకపోతే ఏం, నువ్వు చెప్తున్నావుగా. సరిగ్గా చెప్పు మరి!”

వంటింట్లోంచి గరిటెతో సహా అత్తగారి కొడుకు తొంగిచూశాడు. “హమ్మయ్య, మొదలెట్టారా! ఇన్నాళ్లూ ఇంట్లో ఎవరికో ఒంట్లో బాలేదనుకుని హడలి చచ్చాను.”

“కూర మాడుతోంది, పోరా!” అన్నారు అత్తగారు.

కోడలు దీపాన్ని తన వైపు జరుపుకుంది. తర్వాత లేచి, అత్తగారిని లేపి ఆవిడ కుర్చీని కూడా బల్లకి ఇటువైపు తన పక్కకి లాగి కూర్చోబెట్టింది.

“చెవి దగ్గర జుట్టు చూడు,” అన్నారు ఆవిడ. “పాయలు విడివిడిగా ఉన్నాయా?”

“ఉన్నాయి.”

“మరింకేం? అరవై రెండు.”

“అరవై ఒకటే,” అంది కోడలు.