సూర్యకాంతమ్మ కోళ్లకు వచ్చిన తెగులు

వన్ టౌన్‌లో ఆ సందువాళ్లకు రేడియో అక్కర్లేదు, ఎల్లారావు ఉన్నాడు. పోర్టులో కళాసీ పని. క్రేను కొక్కేనికి తన లుంగీ చిక్కుకుని సింగపూరు ఓడ మీద దిగానని, కెప్టెను టీ ఇచ్చి మళ్లీ కొక్కేనికే తగిలించి పంపాడని అమ్మ మీద ఒట్టేసి చెప్పేవాడు. తన ఊళ్లో పుంజు కూస్తే పక్కూరి ఆడవాళ్లు లేచి కళ్లాపి చల్లేవారనేవాడు. ఎవరూ నమ్మరు. అయినా అతను కనబడితే చాలు, జరిగి చోటిచ్చేవారు.

అతని వాటాకూ చేపలమ్ముకునే సూర్యకాంతమ్మ వాటాకూ పెరడు ఒకటే. ఆవిడకు అరడజను పెట్టలు, ఒక పుంజు. పేరుకి తెల్ల కోళ్లే కానీ పోర్టు నుంచి వచ్చే ఎర్రదుమ్ము పడి ఇటుకల రంగులో తిరిగేవి. ఆ గుడ్లతోనే ఆవిడ కూతురు నూకాలును పెంచి, పూడిమడక ఇచ్చి పెళ్లి చేసింది.

నూకాలుకు అత్తారింట్లోనే నెల తక్కువగా నొప్పులొచ్చాయని కబురొచ్చింది. సూర్యకాంతమ్మ ఉన్న చీరతోనే బయల్దేరింది.

"తమ్ముడా, కోళ్లు నీకొగ్గీసి ఎల్తన్నాను. పొద్దున్న నూకలెయ్యి. జెట్టీ కాడ అడిగితే సేప తలకాయలు ఊరికినే ఇత్తారు. అవి తింటేనే నా కోళ్లు గుడ్డెడతాయి."

"నువ్వొచ్చేతలికి ఒక్కోటీ నెమలంత సేసి అప్పగిత్తాను, ఎల్లు అప్పా," అన్నాడు ఎల్లారావు.

మర్నాడు జెట్టీకి వెళ్లాడు కూడా. తట్ట పట్టుకుని తలకాయల కోసం వంగాడో లేదో, తన గ్యాంగులో పనిచేసేవాడొకడు చూసి, రైతు బిడ్డవై ఉండి చేపల తట్ట ఎత్తడం ఎప్పుడు నేర్చావని నలుగురూ వినేలా అడిగాడు. నలుగురూ నవ్వారు. ఎల్లారావు కూడా నవ్వేసి, ఖాళీ తట్టతో ఇంటికొచ్చేశాడు.

నూకలతో సరిపెడితే సరిపోయేది. కానీ నెమళ్లంత చేస్తానని మాటిచ్చాడు. అటక మీద భార్య గౌరీశ్వరి వానాకాలానికని దాచుకున్న ఉప్పుచేపల కుండ ఉంది. పచ్చిదైతేనేం, ఎండుదైతేనేం, చేప చేపే అనుకున్నాడు. రోట్లో వేసి ఉప్పుతో సహా దంచి, తౌడులో కలిపి పెట్టాడు. కోళ్లు ఒకదాన్నొకటి తొక్కుకుని మరీ తిన్నాయి. అతనికి భలే ముచ్చటేసి సాయంత్రం ఇంకాస్త పెట్టాడు.

తెల్లారేసరికి తొట్టిలో నీళ్లు లేవు. నింపాడు. మళ్లీ లేవు. వాల్తేరు స్టేషన్లో రైలింజను కూడా ఇన్ని నీళ్లు పట్టదని టీ కొట్లో చెప్పి అందరినీ నవ్వించి వచ్చాడు. వచ్చేసరికి పుంజు మెడ వంకర తిప్పుకుని పడి ఉంది. పొద్దు వాలేలోగా పెట్టలూ పోయాయి.

గౌరీశ్వరి ఖాళీ కుండలోకి చూసింది, కోళ్లను చూసింది. ఉప్పు కడగలేదా అని అడిగింది. నోరు మూసుకోమన్నాడు.

సందులో వాళ్లు వచ్చి అడిగితే, తెగులు అని చెప్పాడు. ఆ మాట తన నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో అతనికే ఆశ్చర్యమేసింది. తెగులంటే మాటలా? ఉన్న కోళ్లు పోకముందే కోసుకుందామని ఎవరి గూటి మీద వాళ్లు పడ్డారు. గుడ్లు పొదుగుతున్న పెట్టను కూడా ఎదురింటి చిట్టెమ్మ లేపి కోసేసింది. ఆ పూట సందంతా మసాలా వాసన. ముందుగా చెప్పి మేలు చేశాడని ఇంటింటి నుంచీ ఎల్లారావుకు గిన్నెడు కూర వచ్చింది. గిన్నెలు వరసగా పెట్టుకుని కూచున్నాడు. ఒక్క ముక్క కూడా ముట్టుకోలేకపోయాడు.

నూకాలుకు ఆడపిల్ల పుట్టిందన్న కబురు మర్నాడు అందింది. కోళ్లు పోయిన పూటే పుట్టిందట. పిల్ల కాలు మంచిది కాదు, అమ్మమ్మ కోళ్లను మింగి పుట్టింది, సందులో అందరి కోళ్లకూ చేటు తెచ్చిందని కుళాయి దగ్గర చిట్టెమ్మ తేల్చేసింది. ఎల్లారావు అక్కడే బిందె పట్టుకుని నిలబడి ఉన్నాడు. హమ్మయ్య, నా మీదకు రాలేదు అనుకున్నాడు. అనుకున్నందుకు ఒళ్లంతా చీదరేసింది. అయినా బిందె నింపుకుని ఇంటికి పోయాడు.

పురుడు వెళ్లాక సూర్యకాంతమ్మ తల్లీపిల్లలను తీసుకొచ్చింది. ఖాళీ గూడు చూసి, అతని భుజం మీద చెయ్యి వేసింది.

"తెగులొత్తే నువ్వేటి సేత్తావు తమ్ముడా."

తిట్టినా బాగుండేది. పిల్లను చూడటానికి సందులో ఒక్కరూ రాలేదు. చిట్టెమ్మ ఆ గుమ్మం ముందు కొంగు లాక్కుని నడిచేది. మాట పూడిమడక దాకా పాకింది. ఒక ఉదయం అల్లుడు తాతబాబు వచ్చి, నూకాలును మాత్రం తీసుకురమ్మంది అమ్మ, పిల్లను కొన్నాళ్లు ఇక్కడే ఉండనీమంది అని నేల చూస్తూ చెప్పాడు. పాలు తాగే పిల్లను వదిలి ఎలా వెళ్లనని నూకాలు గడపలో కూలబడింది. చుట్టూ జనం చేరారు.

ఎల్లారావు జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు.

"పిల్ల తప్పేటీ నేదు. అది తెగులు కాదు. కోళ్లను నానే సంపీసినాను. ఉప్పుసేప దంచి ఎట్టినాను."

టీ కొట్టు అచ్యుతరామయ్య పకపకా నవ్వాడు.

"పిల్ల కోసం బాగానే అల్లినావు బావా. కోళ్లకి ఉప్పుసేపా? ఆవకాయ ఎట్టనేదేటి మరి?"

జనం గొల్లుమన్నారు. ఎల్లారావు అమ్మ మీద ఒట్టేశాడు. సింగపూరు ఓడకూ ఇదే ఒట్టేశావని గుర్తుచేసి ఇంకా నవ్వారు. అన్నిటికన్నా ఘోరం, సూర్యకాంతమ్మ కళ్లు తుడుచుకుంటూ అతనికి చేతులు జోడించింది. నీది మంచి మనసు తమ్ముడా అంది. తాతబాబు నూకాలు సంచీ అందుకున్నాడు.

అప్పుడు గౌరీశ్వరి గుమ్మంలోకి వచ్చింది. సందులో గొంతెత్తి ఎరగని మనిషి.

"నిజమే సెప్తన్నాడు. కుండ ఖాళీ సేసి ఎట్టినాడు. సిగ్గేసి నానూ సెప్పనేదు."

నవ్వులు ఆగిపోయాయి. సూర్యకాంతమ్మ అతని ముఖంలోకి చూసింది.

"నీళ్లు బాగా తాగినాయా?"

"తొట్టి తొట్టంతా తాగీసినాయప్పా."

ఆవిడ తలాడించింది. ఎవరూ అతన్ని ఒక్క మాట అనలేదు. కోసుకున్న తమ కోళ్లూ, అతనికి పంపిన కూర గిన్నెలూ గుర్తొచ్చి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తాతబాబు సంచీ కింద పెట్టి, భార్య చేతుల్లోంచి పిల్లను తీసుకున్నాడు. ఎత్తుకోవడం రాక తడబడుతుంటే, చిట్టెమ్మ తల దించుకునే వచ్చి పిల్ల మెడ కింద చెయ్యి పెట్టింది. ఆడవాళ్లంతా అటు మూగారు.

ఎల్లారావు గోడవారన నిలబడిపోయాడు. తనూ ఒకసారి పిల్లను చూద్దామని అడుగు వేశాడు.

"ఎల్లారావూ," అంది సూర్యకాంతమ్మ, అతని వైపు తిరక్కుండానే. "కాసేపు అవతలికి ఎల్లు. పిల్లకి గాలాడనీ."

ఇన్నేళ్లలో ఆవిడ అతన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. వెళ్లాడు.