చొక్కా చేతులు

పై అరలోంచి గుడ్డ తాను నా నెత్తిన పడి రెండు నెలలైంది. ఇప్పటికీ ట్యూబ్‌లైటు చూస్తే కళ్ళు తిరుగుతాయి, మిషన్ చప్పుడుకి తల పగిలిపోతుంది. అయినా వారం నుంచి మా టైలరింగ్ షాపులో మళ్ళీ కత్తెర పట్టాను.

"ఇంకో పది రోజులు ఆగవే," అంది అక్క, మిషన్ ఆపి.

"నాకేం కాలేదని ఎన్నిసార్లు చెప్పాలి? వారంలో ఒక్క తప్పు చేశానా?" కసిరాను.

అక్క లేచి వచ్చింది. నేను అప్పుడే కత్తిరించిన చొక్కా చేతులు రెండూ బల్ల మీద పక్కపక్కనే పరిచింది. గుడ్డ మడిచి కత్తిరిస్తే ఒకటి కుడి, ఒకటి ఎడమ వస్తాయి. నేను మడవడం మర్చిపోయాను. రెండూ కుడివే.

"పని నేర్చుకునేటప్పుడు కూడా ఇలా చెయ్యలేదు," అన్నాను. "ఇదే మొదటిసారి."

అక్క తన మిషన్ కింది సొరుగు లాగింది. లోపల మిగిలిపోయిన చొక్కా చేతులు, అన్నీ కుడివే: నీలంది, చారలది, గళ్ళది, తెల్లవి రెండు. వారంగా నేను కత్తిరించిన చొక్కాలవే.

"ఎడమవి నేను కత్తిరించి కుట్టాను," అంది. "నువ్వు ఇంటికెళ్ళాక."

కత్తెర ఆమె చేతిలో పెట్టాను.