సందు చుక్కల మంచు

1983లో నేను ఫహాహీల్‌లోని ఒక కువైటీ ఇంటికి వారానికి మూడు సాయంత్రాలు వెళ్ళి, దానా అనే పదకొండేళ్ళ అమ్మాయికి సైన్సు చెప్పేదాన్ని. ఆ ఇంట్లో వంటా, ఇల్లూ చూసుకునే చంద్రావతిది అమలాపురం దగ్గర పల్లె. ఆమెకు వారంలో ఒక్క పూట కూడా సెలవు లేకపోవడమే ఈ కథకు మూలకారణం.

ఆ శీతాకాలంలో దానా ఆస్ట్రియా వెళ్ళి మంచు చూసి వచ్చింది. మే నెలలో వచ్చే తన పుట్టినరోజుకు హాలు నిండా మంచు ఉండాలని పట్టుబట్టింది. బియ్యప్పిండితో నేలమీద మంచు ముగ్గులు వేస్తానని చంద్రావతి ముందుకు వచ్చింది. ఆమె మామా అని పిలిచే ఇంటావిడ, దానా దాన్ని నిజమైన మంచని ఒప్పుకుంటే ఇకమీదట ప్రతి శుక్రవారం మధ్యాహ్నం సెలవు ఇస్తానన్నది. ఒప్పుకోకపోతే ఖలాస్.

మచ్చుకు వేసిన మొదటి పువ్వునే దానా తిరస్కరించింది. దానికి ఎనిమిది రేకులున్నాయి.

"అష్టదళ పద్మమండీ! కళ్ళు మూసుకుని వేసేత్తాను. ఈ పిల్లేమో ఆరే కావాలంటందండి. రెండు ఎక్కువిచ్చినా తప్పేనాండీ టీచరుగారూ?" అని చంద్రావతి వంటింట్లో నన్ను నిలదీసింది.

"మంచు రేణువుకు ఆరే ఉంటాయి, చంద్రావతీ."

"మీరు చూశారాండి?"

"లేదు. చదివాను."

"బాగుందండి. చూసింది ఆ పిల్ల, చదివింది మీరు. వెయ్యాల్సింది మాత్రం నేనండి!"

ఆమె పొరపాటు రేకుల్లో కాదు, చుక్కల్లో ఉంది. చుక్కకింద చుక్క పెట్టి చదరంగా మొదలుపెడితే నాలుగో ఎనిమిదో తప్ప ఆరు రావు. నీరు గడ్డకట్టేటప్పుడు దాని అణువులు ఆరు మూలల వలయాలుగా అల్లుకుంటాయి. ఆ సంగతి ఆమెకు ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ, సెనగలు తీసి గట్టుమీద ఒకటి ఉంచి, దాని చుట్టూ ఆనించి పేర్చమన్నాను.

"ఆరే పట్టాయండీ!" అన్నది. మరుక్షణమే నవ్వేసింది. "ఓసోస్, ఇది రెండిటి సందులో పెట్టే సందు చుక్కే కదండీ! ఏడు చుక్కలు, నాలుగొచ్చేదాకా. ముందే చెప్పొచ్చు కదండీ."

దానా రెండో షరతు పెట్టింది: పన్నెండు వేస్తే పన్నెండూ వేరువేరుగా ఉండాలి. మళ్ళీ నేనే చెప్పవలసి వచ్చింది. సున్నాకు రెండు డిగ్రీలు దిగువన పలకలు, అయిదు దిగువన సూదులు, పదిహేను దిగువన తేమ బాగా ఉంటే కొమ్మలు తొడిగిన నక్షత్రాలు ఏర్పడతాయి. ఒకే రేణువులోని ఆరు కొమ్మలూ ఒకే గాలిలో కలిసి పెరుగుతాయి గనుక ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. పక్క రేణువు వేరే దారిన దిగుతుంది గనుక దాని రూపం వేరు.

"అర్థమైందండి. ఒక్క తల్లి బిడ్డలే, తలో ఇంటికీ కోడళ్ళుగా ఎల్లారు. ఆ ఇంటి పద్ధతి ఆ మనిషికి అబ్బేసింది."

ఇంతకన్నా తేటగా నా ప్రొఫెసరు కూడా చెప్పలేదు.

పుట్టినరోజు మధ్యాహ్నానికి పన్నెండూ పూర్తయ్యాయి. అప్పుడు మామా, మంచుకు చలి ఉండాలి కదా అని, ఏసీ పూర్తిగా పెంచింది. పన్నెండోది సరిగ్గా ఆ గాలికి ఎదురుగా ఉంది. రెండు కొమ్మలు సోఫా కిందికి ఎగిరిపోయాయి. దిద్దే వ్యవధి లేదు. దానా భూతద్దం పట్టుకుని మెట్లు దిగుతున్నది.

ఒక్కొక్కటే లెక్కపెట్టి చివరిదాని దగ్గర ఆగింది. "దీనికి నాలుగే!"

మామా చంద్రావతి వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. ఆరు కొమ్మల పొందిక గురించే చెప్పాను గానీ, దారిలో అవి ఏమవుతాయో చెప్పలేదు.

చంద్రావతి తనకు వచ్చిన అరబ్బీలో నిదానంగా అడిగింది. "అంత పైనుంచి పడింది కదా పాపం. గాలికి ఒక్కటైనా విరగదా?"

దానా వంగి ఆ విరిగిన చోటే మళ్ళీ చూసింది. తర్వాత భూతద్దం దించింది. "నా గ్లవ్ మీద పడినవాటిలో సగం విరిగినవే. వల్లా, ఒట్టు, అన్నింటిలోకి ఇదే నిజమైన మంచు!"

"యల్లా, సరే, తీసుకో నీ శుక్రవారం," అన్నది మామా.

ఆ శుక్రవారం నాలుగు గంటలకు చంద్రావతి మా ఫ్లాటుకు వచ్చింది. టీ తాగింది, నా వంటింట్లో పిండి డబ్బా వెతికి తీసుకుంది. గుమ్మం ముందు కూర్చుని చుక్కకింద చుక్క పెట్టడం మొదలుపెట్టింది.

"ఇక్కడ ఎనిమిది వెయ్యొచ్చాండి?"


"ఎన్నైనా వెయ్యి," అన్నాను.