రెండు నొక్కిన వేలు

ఇనుప ఖనిజం దుమ్ము అంత తేలిగ్గా వదలదు. మూడుసార్లు జాడించినా బకెట్‌లో నీళ్ళు ఎర్రగానే ఉంటాయి. మా ఆయన విజయ్ కుమార్ గనుల దగ్గర టిప్పర్లు తిప్పుతాడు. ఈ రెండేళ్ళలో ఒక్క బండి మూడు బండ్లయింది, నేను ఉతికే బట్టలూ అలాగే పెరిగాయి. ఆ ఆదివారం పొద్దున కప్పగల్లులో మా ఇంటి వెనక బండ మీద ఆయన ప్యాంటును కుడిచేత్తో బాదుతున్నాను. ఎడమ చెయ్యి మోచేతి దాకా వాచి ఉంది. ఆ చేతికి గాజులు ఎక్కక మూడు నెలలయింది.

నాకు ఎడమ రొమ్ము తీసేసి పద్నాలుగు నెలలు. చంకలో గడ్డలు కూడా తీశారు కాబట్టి ఆ చేత్తో బరువులెత్తొద్దని బెంగళూరులో డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. "ఆపరేషన్ చేసింది రొమ్ముకు గదా, చేతికేమొచ్చె?" అంది మా అత్త సుబ్బరత్నమ్మ. నేను బిందె ఎత్తాను. ఆ రోజు ఎందుకెత్తానా అని ఇప్పటికీ నా మీద నాకే కోపం. ఇప్పుడు చంకలో శనగగింజంత ఏదో తగులుతోంది. ఆ మాట చెబితే ఆయన, "అంతా నీ అనుమానం. బండ్లు యాడ పెట్టి రావల్ల బెంగళూరికి?" అన్నాడు. నెలనెలా ఫోన్ చేసి కనుక్కుంటామన్న ఆస్పత్రి వాళ్ళు ఒక్కసారీ చేయలేదు. నన్ను మరిచిపోవడం వాళ్ళకూ తేలికేలే అనుకున్నాను.

ఆయన స్నానానికి పోగానే గూట్లో ఆయన ఫోన్ మోగింది. తీశాను. రికార్డు చేసిన ఆడగొంతు, కన్నడంలో. "నిమ్మ కైగె బావు బందిదెయా?" మీ చెయ్యి వాచిందా అని అడుగుతోంది! అవునంటే ఒకటి, లేదంటే రెండు నొక్కమంటోంది. ఆ గొంతు నన్నే చూసి అడిగినట్టు నాకు ఏడుపొచ్చింది. ఒకటి ఎక్కడుందో వెతుక్కునేలోగా ఆయన తల తుడుచుకుంటూ వచ్చి ఫోన్ లాక్కున్నాడు. చెవి దగ్గర పెట్టుకోకుండానే బొటనవేలితో టకటకా నొక్కాడు. రెండు, రెండు, రెండు.

"ఏందయ్యా అది?"

"ఆస్పత్రి మిషన్. నెలనెలా వస్తాది, నేనే నొక్కుతాండా."

"నన్ను అడగాల్సింది నిన్ను అడిగితే, నాకు చెప్పొద్దా?"

"చెప్పేదేముండాది? ప్రార్థనతోనే నీకు స్వస్థత అయిందని చర్చి సంఘమంతా చెప్పుకుంటాండాది. వచ్చే నెల ఫస్ట్ ఆదివారం మనింట్లో కృతజ్ఞత కూడిక. నువ్వు సాక్ష్యం చెప్పల్ల. ఈలోగా మళ్ళా ఆస్పత్రికి పోతే మన విశ్వాసం ఏమైనట్టు?"

ఆ మాటంటూనే ఉతికిన చొక్కా అడిగాడు. నేను ఇవ్వలేదు. తీగ మీద ఉంది, తీసుకోమన్నాను. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో ఆయన తీగ మీంచి చొక్కా తీసుకోవడం అదే మొదటిసారి.

మా అమ్మాయి వినీల హాస్టల్‌కు పోతూ వదిలేసిన పాత ఫోన్‌లో కొత్త సిమ్ము వేశాను. ఆస్పత్రి ఫైలు మీదున్న నర్సు క్రిస్టీ నంబరుకు చేశాను. ఆమె కంప్యూటర్‌లో చూసి, "మీరు పదకొండు నెలలుగా ఏమీ లేదనే ఒత్తినారు గదా అక్కా. బావు, గడ్డ అని ఒత్తినోళ్ళనే మేము అర్జెంటుగా పిలిపిస్తాము" అంది. పదకొండు నెలలు నా ఒంటి గురించి ఆయన బొటనవేలు జవాబు చెప్పింది. రాత్రుళ్ళు నొప్పికి పళ్ళు బిగబట్టుకుని పడుకున్నది మాత్రం నేను.

"అది మా ఆయన నంబరమ్మా. ఇది నాది, మార్చుకో. నాకు వాపు ఉండాది, గడ్డా తగుల్తాండాది."

"అయ్యో! గురువారం ఓపీకి వచ్చేయండి అక్కా, పేరు రాస్తాను. ఇంక మిషన్ కాల్ మీకే వస్తుంది. ఏ టైముకు పెట్టాలి?"

ఒక్క క్షణం ఆలోచించాను. "ఫస్ట్ ఆదివారం, సాయంత్రం ఆరున్నరకు" అన్నాను.

గురువారం ఒక్కదాన్నే బస్సెక్కి బెంగళూరు పోయొచ్చాను. గడ్డలోంచి సూదితో తీసి పరీక్షకు పంపారు. ఫలితం ఇంకా రాలేదు. ఇంట్లో ఎవరూ నాతో సరిగ్గా మాట్లాడలేదు, కూడిక మాత్రం ఆపలేదు. ఫస్ట్ ఆదివారం సాయంత్రం హాలంతా చాపలు పరిచారు. పాటలు, ప్రార్థన అయ్యాక పాస్టరు సాలొమోను అయ్యగారు నా వైపు తిరిగి, "అమ్మా సామ్రాజ్యం, ప్రభువు చేసిన మేలు చెప్పు" అన్నారు. లేచి నిలబడ్డాను. నా చేతిలో ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టాను.

"నిమ్మ కైగె బావు బందిదెయా?"

కన్నడం రానివాళ్ళు ఆ హాల్లో ఎవరూ లేరు. కొంగు తీసి వాచిన చెయ్యి అందరికీ చూపించాను. ఒకటి నొక్కాను.

"ఆపెయ్ దాన్ని!" అన్నాడు ఆయన. మా అత్త, "ప్రభువా, ఏం పరువు తీస్తాండాది" అని తల పట్టుకుంది.

"ప్రభువు నన్ను బతికించినాడు అయ్యగారూ, అది నిజం" అన్నాను. "ఈ చెయ్యి వాచిందీ నిజమే. సగం చెప్తే సాక్ష్యమెట్లయితాది?"

ఫోన్‌లో గొంతు ఎవరికోసమూ ఆగలేదు. కొత్త గడ్డ ఏమైనా తగులుతోందా అని అడిగింది. ఆయన లేచొచ్చి, అలవాటుగా, బొటనవేలు ముందుకు చాపాడు.

"ఒళ్ళు నాది. నేనే నొక్కుకుంటా" అన్నాను, ఒకటి నొక్కాను.