ఒప్పేసుకున్నాడు

అయినా వాడెందుకు ఒప్పుకున్నట్టు, తను దొంగిలించని కెమెరాని తీశానని ఎవరైనా అంటారా, బస్సు కుదిపినప్పుడల్లా ఆమెకు అదే ప్రశ్న, పక్క సీటు పెద్దావిడ కునికిపాట్లు పడుతూ భుజం మీద వాలుతోంది, లేపాలా వద్దా, నేరశాస్త్రం రెండో ఏడు చదివే పిల్లకి ఆమాత్రం తెలియదా, తెలియదు, ఈ రోజు ఏదీ తెలియడం లేదు, పొద్దున విచారణ క్లాసులో మాస్టారు, ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి, బక్కోణ్ణి వరండాలోకి తీసుకెళ్లి చెవిలో ఏదో చెప్పి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, ల్యాబులో కెమెరా పోయింది, వీడు తీశాడో లేదో తేల్చు, నువ్వే పోలీసువి అని ఆమెతో అన్నారు, నాటకమే, బక్కోడంటే మొదటి రోజు నుంచీ పక్క బెంచీవాడు, పెన్ను అడిగి తిరిగివ్వనివాడు, నేను తీయలేదు మేడమ్ అంటూ నవ్వుతూనే మొదలుపెట్టాడు, క్లాసంతా గొల్లుమంది, ఆమెకు ఎక్కడో చురుక్కుమంది, అంతే, గొంతు మారిపోయింది, అది తన గొంతు కాదు, నాన్నది, తీయకపోతే ఆ చెమటేంటి, నిన్న సాయంత్రం ల్యాబులో ఉన్నది నువ్వేగా, నా కళ్లలోకి చూసి చెప్పు, ఎన్నిసార్లు అందో, వాడి నవ్వు ఎప్పుడాగిందో గమనించనే లేదు, చివరికి తల వంచుకుని, సరే, నేనే తీశాను, ఇక వదిలెయ్ అన్నాడు, చప్పట్లే చప్పట్లు, ఆమెకు ఒళ్లు పులకరించింది కూడా, సిగ్గులేకుండా, అప్పుడు మాస్టారు నెమ్మదిగా, నేను వీడి చెవిలో చెప్పింది ఇదీ, నువ్వు తీయలేదు, ఏం జరిగినా ఒప్పుకోకు, అని, శభాష్ అన్నట్టా, చెంప పగలగొట్టినట్టా.

తర్వాత మెట్ల దగ్గర పట్టుకుని ఎందుకలా చేశావురా అంటే, ఏమో, నువ్వలా మీద పడిపోతుంటే ఒప్పుకుంటే ఆపుతావనిపించింది, కాసేపు నిజంగానే తీశానేమో అనిపించింది కూడా, అంటూ జేబులోంచి పెన్ను తీసి చేతిలో పెట్టి వెళ్లిపోయాడు, ఇన్నాళ్లకి తిరిగిచ్చాడు.

ఇంటికొచ్చేసరికి నాన్న, హెడ్ కానిస్టేబుల్, రేపటి యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటున్నాడు, ఆమె జరిగింది చెప్తే పకపకా నవ్వి, వాడి నోరు విప్పించావన్నమాట, అదీ నా కూతురంటే అన్నాడు, కానీ వాడు ఏమీ చేయలేదు నాన్నా, చేయకపోతే ఒప్పుకుంటాడా పిచ్చిపిల్లా, ఆ మాటతో చిన్నప్పుడు అన్నాల దగ్గర ఆయన చెప్పిన లారీ డ్రైవరు గుర్తొచ్చాడు, స్టేషన్లో నేను కాదు కాదంటూ ఏడ్చి ఏడ్చి చివరికి నాన్న ముందు ఒప్పేసుకున్న మనిషి, ఆ కథ మళ్లీ చెప్పమని నాన్న మెడ పట్టుకుని వేలాడేది, ఆ కథ కోసమే ఈ చదువులో చేరింది, నాన్నా, ఆ డ్రైవరు, అతను నిజంగా చేశాడా, అడిగాక తన గొంతు తనకే కొత్తగా ఉంది, ఇస్త్రీపెట్టె చొక్కా మీద అలాగే ఆగిపోయింది, బట్ట కమురు వాసన, నాన్న ఉలిక్కిపడి ఎత్తి, ఒప్పుకున్నాడు కదమ్మా, అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

ఒప్పుకున్నాడు కదా, పొద్దున తనూ అంతే అనుకుంది, అన్నిసార్లు గద్దించింది గానీ వాడేం చెబుతాడో విందామని ఒక్కసారైనా అనుకుందా, వాడు చెప్పాల్సింది తనే ముందు ఖాయం చేసుకుని వాడి నోటితో అనిపించింది, అంతే, నిజానికి వాణ్ణి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, జవాబు తెలియకుండా, తెలుసుకోవాలని, భయపడుతూ అడిగిన మొదటి ప్రశ్న ఇప్పుడు నాన్నని అడిగిందే.